బరువు ఎక్కడికీ పోదు

గొంతుక్కూర్చోవడం మనకు ఎవరూ నేర్పలేదు. పెరట్లో అంట్లు తోముతూ, గట్టు మీద చుట్ట కాలుస్తూ, రాని బస్సు కోసం చూస్తూ మన పెద్దవాళ్ళు ఆ భంగిమలో గంటలు గడిపేశారు. తాలింఖానాల్లో కుర్రాళ్ళు వందల కొద్దీ బస్కీలు తీశారు. బళ్ళో గుంజీళ్ళు తీయకుండా పెద్దయినవాళ్ళు మనలో తక్కువే. అయినా అదే మనిషి మెడ కింద ఇరవై కిలోల రాడ్ పెట్టుకుని కిందికి దిగబోతే మడమలు లేచిపోతాయి, మోకాళ్ళు లోపలికి వాలతాయి, పైకి లేచేటప్పుడు ఒళ్ళు ముందుకు తూలుతుంది. తొడల్లో బలం చాలడం లేదనుకుంటాడు. ఆ బలం అతనికి ఎప్పటినుంచో ఉంది. నిద్రపోతున్న ఆరేళ్ళ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని మెట్లెక్కగలిగినవాడికి ఆ రాడ్ పెద్ద బరువేం కాదు.

తేడా అంతా బరువు ఉన్న చోటులో ఉంది. గొంతుక్కూర్చున్నప్పుడు తొడల వెనకభాగం పిక్కల మీద ఆనుతుంది, వీపు గుండ్రంగా వంగుతుంది, చేతులు మోకాళ్ళ ముందుకు వచ్చి ఒంటిని తూచి నిలబెడతాయి. కండరాలకు పెద్దగా పనుండదు. రాడ్ మోస్తూ దిగి లేచే బార్బెల్ స్క్వాట్‌లో చేతులకు ఆ వెసులుబాటు లేదు, అవి రాడ్‌ను పట్టుకుని ఉంటాయి. వీపు గుండ్రంగా వంగడానికి లేదు. పైగా బరువంతా శరీరంలో ఎత్తయిన చోట, అదీ వెనకవైపున ఉంది. ఈ మూడూ కలిసి శరీరానికి ఒక కొత్త లెక్క ఇస్తాయి.

లెక్కలో మొదటి వాక్యం ఇది. మనిషి, రాడ్ కలిసిన మొత్తం బరువుకు ఉన్న గరిమనాభి అరికాలి మీదే ఉండాలి, వీలైనంత వరకు అరికాలి నడిమి మీద. షూ లేసు ముడి వేసే చోటుకు సరిగ్గా కింద ఆ నడిమి ఉంటుంది. గరిమనాభి అక్కడినుంచి ముందుకు జరిగితే బరువు వేళ్ళ మీదికి వెళ్తుంది, మడమ లేస్తుంది. వెనక్కి జరిగితే వేళ్ళు లేస్తాయి, ఇంకాస్త జరిగితే వెల్లకిలా పడతాం. జిమ్ కోచ్‌లు దీన్నే ‘రాడ్ అరికాలి నడిమి మీద నిలువుగా దిగి నిలువుగా లేవాలి’ అంటారు. ఇందులో చిన్న మెలిక ఉంది. అరవై కిలోల మనిషి ఇరవై కిలోల రాడ్ మోస్తున్నప్పుడు మొత్తంలో రాడ్ వాటా నాలుగో వంతే. అందుకే ఖాళీ రాడ్‌తో దిగేటప్పుడు అది కొంచెం ముందుకు ఉన్నా తప్పు కాదు, వెనక్కి పోయిన పిరుదుల బరువు దానికి సమాధానం చెబుతుంది. రాడ్ బరువు పెరిగేకొద్దీ రాడ్ నుంచి దించిన నిలువు గీత, గరిమనాభి నుంచి దించిన గీత దగ్గరవుతాయి. ఖాళీ రాడ్‌తో కుదిరిన భంగిమ అరవై కిలోల దగ్గర కాస్త మారినట్టు అనిపిస్తే అందులో వింతేం లేదు.

ఇక రెండో వాక్యం. తలుపును పిడి దగ్గర తోస్తే వేలితో తెరుచుకుంటుంది, మడతబందు పక్కన తోస్తే చెయ్యంతా పెట్టాలి. మడతబందు నుంచి ఎంత దూరాన తోస్తున్నామో దాన్నిబట్టి అదే బలం ఎక్కువగానో తక్కువగానో పనిచేస్తుంది. బలాన్ని ఆ దూరంతో హెచ్చవేస్తే వచ్చేదే టార్క్. స్క్వాట్‌లో మన మడతబందులు మోకాలు, తుంటి. రాడ్ నుంచి కిందికి ఒక నిలువు గీత గీస్తే, మోకాలు దానికి ఎంత ముందుంది, తుంటి ఎంత వెనకుంది అన్నవే అసలు దూరాలు.

ఒక మనిషిని తీసుకుందాం. తుంటి నుంచి మోకాలి దాకా తొడ ఎముక 42 సెంటీమీటర్లు. భుజాల మీద 40 కిలోలు, అంటే దాదాపు 400 న్యూటన్ల బలం. తొడ నేలకు సమాంతరంగా వచ్చే దాకా దిగాడు. మోకాలు గీతకు 16 సెంటీమీటర్లు ముందుంటే తుంటి 26 సెంటీమీటర్లు వెనక ఉండి తీరాలి, ఎందుకంటే రెండూ కలిసి 42 కావాలి. మోకాళ్ళ మీద టార్క్ 64 న్యూటన్ మీటర్లు, తుంటి మీద 104. ఇప్పుడు ఎవరో చెప్పారని అతను మోకాలిని వెనక్కి లాక్కుని 8 సెంటీమీటర్ల దగ్గర ఆపాడు. మోకాళ్ళ మీద టార్క్ సగానికి, 32కు పడిపోయింది. తుంటి మీద 136 అయింది. మొత్తం అప్పుడూ 168, ఇప్పుడూ 168. మోకాలి దగ్గర మాయమైన బరువు తుంటి దగ్గర, నడుం దగ్గర తేలింది.

మోకాలు కాలివేళ్ళను దాటకూడదన్న మాట మన జిమ్‌లలో వేదవాక్కు. చాలామంది నేర్చుకునే మొదటి నియమం అదే. మన ఉదాహరణలో అరికాలి నడిమి నుంచి వేలి కొసకు సుమారు 13 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి మోకాలు మొదటిసారి వేళ్ళను దాటింది, రెండోసారి దాటలేదు. 2003లో అమెరికాలో ఫ్రై, స్మిత్, షిలింగ్ అనే పరిశోధకులు దీన్నే ప్రయోగశాలలో కొలిచారు. ఏడుగురు మగవాళ్ళ చేత రెండు రకాలుగా స్క్వాట్ చేయించారు. ఒకసారి స్వేచ్ఛగా, ఇంకోసారి మోకాలు వేళ్ళను దాటకుండా ముందు ఒక చెక్క పలక అడ్డంపెట్టి. పలక ఉన్నప్పుడు మోకాలి టార్క్ సుమారు 150 న్యూటన్ మీటర్ల నుంచి 117కు తగ్గింది. తుంటి టార్క్ 28 నుంచి 302కు ఎగబాకింది. మన కాగితం లెక్క కంటే అసలు కొలతలో తుంటికి నష్టం ఎంతో ఎక్కువ కనిపించడానికి కారణాల్లో ఒకటి ఇది: మనం రాడ్‌ను మాత్రమే లెక్కించాం. ముందుకు వంగిన మొండెం, తల, చేతుల బరువు కూడా తుంటే మోయాలి, అది ఒంటి బరువులో సగానికి పైమాటే.

మోకాలిలో ఇప్పటికే నొప్పి ఉన్నవాళ్ళకు ఫిజియోథెరపిస్టు ఆ నియమం చెబితే దానికి అర్థముంది. తెలిసి చేసే బదిలీ అది. అందరికీ కలిపి నియమం చేస్తేనే గొడవ.

తొడ ఎముక పొడవు మనిషి మనిషికీ వేరు. పై ఉదాహరణలోని వ్యక్తికి తుంటి నుంచి రాడ్ దాకా వీపు 50 సెంటీమీటర్లనుకుంటే, తుంటి 26 సెంటీమీటర్లు వెనక ఉన్నప్పుడు వీపు నిలువు నుంచి సుమారు 31 డిగ్రీలు వంగుతుంది. మోకాలిని వెనక ఆపిన రెండో పద్ధతిలో 43 డిగ్రీలు. అదే వీపు, అదే మోకాలి స్థానం ఉండి తొడ ఎముక 46 సెంటీమీటర్లయితే వంపు 37 డిగ్రీలు. పొట్టి తొడలున్న లిఫ్టర్ స్తంభంలా దిగే వీడియో చూసి పొడుగు తొడలున్న కుర్రాడు తన వీపు ఎక్కువ వంగుతోందని దిగులుపడటంలో అర్థం లేదు. అతని ఎముకలకు సరైన భంగిమ అదే. మడమ కింద ఎత్తు ఉంటే మోకాలు ఇంకాస్త ముందుకు వెళ్ళగలుగుతుంది, తుంటి అంత వెనక్కి పోనక్కర్లేదు. వెయిట్‌లిఫ్టింగ్ బూట్ల మడమ రెండు సెంటీమీటర్ల దాకా ఎత్తు ఉండేది ఇందుకే. చీలమండ బిగుసుకుపోయినవాళ్ళు ఇంట్లో మడమల కింద చిన్న ప్లేట్లు పెట్టుకుని చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. మెత్తటి రన్నింగ్ బూట్లు మాత్రం వద్దు, అవి బరువు కింద నలిగి అటూ ఇటూ ఒరుగుతాయి. వాటికంటే ఒట్టి కాళ్ళు నయం. సాక్సులతో టైల్స్ మీద నిలబడటం అసలే వద్దు.

రాడ్‌ను మెడ మీద పెట్టకూడదు. తల వంచి మెడ వెనక తడిమితే ఎముక ఒకటి బుడిపెలా తగులుతుంది. రాడ్ దానికి కిందుండాలి, భుజాలు వెనక్కి లాగితే ఉబ్బే కండ మీద. ఇంకా కిందికి, భుజం ఎముకల గట్టు మీద పెట్టే పద్ధతి కూడా ఉంది. ఎక్కువ బరువులెత్తే పవర్‌లిఫ్టర్లలో చాలామందికి అదే ఇష్టం. కానీ దానికి వీపు ఇంకా వంగాలి, భుజాలు వెనక్కి బాగా తిరగాలి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళ భుజాలు అంత తేలిగ్గా తిరగవు. ఇంట్లో ఒంటరిగా మొదలుపెట్టేవాళ్ళకు రాడ్‌ను పైన పెట్టే మొదటి పద్ధతే మేలని నా అభిప్రాయం.

ఎంత లోతుకు దిగాలి? ఈ ప్రశ్నకు చరిత్ర ఉంది. టెక్సస్ విశ్వవిద్యాలయంలో కార్ల్ క్లైన్ 1961లో వెయిట్‌లిఫ్టర్ల మోకాళ్ళను, మామూలు వాళ్ళ మోకాళ్ళను ఒక చేతి పరికరంతో పరీక్షించి, లోతైన స్క్వాట్ మోకాలి లిగమెంట్లను వదులు చేస్తుందని తేల్చాడు. ఆ మాట పత్రికలకెక్కింది, పాఠశాలల వ్యాయామ తరగతుల్లోకి వెళ్ళింది. తర్వాతి దశాబ్దాల్లో ఇతరులు కొలిచినప్పుడు ఆ వదులు కనిపించలేదు. 1989లో చాండ్లర్ బృందం చేసిన అధ్యయనంలోనూ స్క్వాట్ వల్ల మోకాలి స్థిరత్వం తగ్గినట్టు తేలలేదు. మోకాలి చిప్ప వెనక ఒత్తిడి దిగేకొద్దీ పెరిగే మాట నిజమే. కానీ తొంభై డిగ్రీలు దాటి బాగా కిందికి దిగాక పిక్క, తొడ ఒకదానికొకటి ఆని కొంత భారం పంచుకుంటాయి, చిప్పకూ ఎముకకూ తగిలే వైశాల్యం కూడా పెరుగుతుంది. సగంలో ఆగి ఎక్కువ బరువెత్తడం క్షేమమని అనుకునేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతారు. సగం స్క్వాట్‌లో ఎవరైనా చాలా ఎక్కువ బరువు ఎత్తగలరు, ఎత్తుతారు కూడా. ఆ అదనపు బరువు వెన్ను మీదే కదా పడేది.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఆ రెండు లిఫ్టుల్లోనూ రాడ్‌ను అందుకునేది పూర్తి లోతు స్క్వాట్‌లోనే. ఒక చాంపియన్ మోకాళ్ళు అందరి మోకాళ్ళకూ రుజువు కావు. అయినా ఏళ్ళ తరబడి నెమ్మదిగా అలవాటు చేస్తే మనిషి మోకాలు ఎంత లోతులో ఎంత బరువుకు ఓర్చుకోగలదో వెయిట్‌లిఫ్టింగ్ హాళ్ళలో రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

కొత్తవాళ్ళకు లోతుకు హద్దు గీసేది చాలాసార్లు మోకాలు కాదు, కటి. బాగా దిగినప్పుడు ఒక చోట తొడ ఎముక మెడ తుంటి గిన్నె అంచుకు తగిలి ఇక తిరగదు. అక్కడినుంచి ఇంకా దిగితే కటి ముడుచుకుని, నడుంలోని సహజమైన వంపు పోయి వీపు కిందిభాగం గుండ్రమవుతుంది. కొద్దిగా ముడవడం దాదాపు అందరిలో ఉంటుంది, దానికి భయపడనక్కర్లేదు. వీడియోలో స్పష్టంగా తోక ముడిచినట్టు కనిపిస్తే మాత్రం దానికి రెండంగుళాల పైనే మీ లోతు ఆగాలి, కనీసం ఇప్పటికి. పాదాలను పదిహేను నుంచి ముప్ఫై డిగ్రీల దాకా బయటికి తిప్పి, కాళ్ళ మధ్య ఎడం మార్చి చూడండి. తుంటి గిన్నె లోతు, అది చూసే దిశ అందరికీ ఒకటి కాదు. అందుకే ఒకరికి కుదిరిన పాదాల కోణం ఇంకొకరికి అడ్డొస్తుంది. ఏ కోణం పెట్టినా మోకాలు చూసే దిక్కు, కాలివేళ్ళు చూసే దిక్కు ఒకటిగా ఉండాలి.

ఇదంతా చదివి రాడ్ కిందికి వెళ్ళినవాడి బుర్రలో పది ఆదేశాలు తిరుగుతుంటాయి. ఛాతీ ఎత్తు, మడమ నొక్కు, మోకాలు బయటికి, తల నిటారు. అన్నీ తలుచుకుంటూ దిగితే ఒక్కటీ కుదరదు. ఎందుకో 1920లలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ చేసిన పని కొంత చెబుతుంది. అక్కడి కేంద్ర శ్రమ సంస్థలో అతను సుత్తితో ఉలిని కొట్టే నిపుణుల కీళ్ళకు చిన్న బల్బులు కట్టి వేగంగా ఫోటోలు తీశాడు. సుత్తి కొస ప్రతిసారీ దాదాపు ఒకే చోట పడుతోంది. దాన్ని అక్కడికి చేర్చిన భుజం, మోచేయి, మణికట్టు మాత్రం ఏ రెండు దెబ్బల్లోనూ ఒకే దారిలో కదలడం లేదు. నైపుణ్యం ఉన్నవాడు ఒకే కదలికను అచ్చు గుద్దడు, ఒకే సమస్యను ప్రతిసారీ కొత్తగా పరిష్కరిస్తాడు. స్క్వాట్‌లో ఆ సమస్య రాడ్ నిలువు గీత తప్పకపోవడం. మోకాలికి, తుంటికి, చీలమండకు వేరువేరుగా ఆజ్ఞలివ్వడం కంటే ఆ గీతను అప్పజెప్పడం మేలు. గబ్రియెలె వుల్ఫ్ బృందం 1998లో ప్రచురించిన ప్రయోగంలోనూ ఇలాంటిదే తేలింది. స్కీయింగ్ యంత్రం మీద తమ పాదాల మీద ధ్యాస పెట్టినవాళ్ళ కంటే, పాదాల కింది చక్రాల మీద ధ్యాస పెట్టినవాళ్ళు బాగా నేర్చుకున్నారు. అందుకే ‘తొడ కండ బిగించు’ కంటే ‘నేలను కిందికి తొయ్యి’ అన్న మాట బాగా పనిచేస్తుంది. మోకాళ్ళు లోపలికి వాలుతుంటే, కాళ్ళ కింద పరిచిన దుప్పటిని రెండువైపులా చింపాలనుకోండి.

గురువు లేని ఇంట్లో ఆ గీత కనిపించేదెలా? దారానికి ఒక నట్టు కట్టి పక్క గోడకు వేలాడదీయండి. ఆ గోడకు ఎదురుగా, మీకు రెండో పక్కన మూడు మీటర్ల దూరంలో, తుంటి ఎత్తున స్టూలు మీద ఫోన్ పెట్టండి. ఫోన్ తెరలో మీ అరికాలి నడిమి, వెనకున్న దారం ఒకే గీతలో పడేలా నిలబడండి. ఇప్పుడు వీడియోలో రాడ్ కొస ఆ దారాన్ని అంటిపెట్టుకుని దిగి, లేస్తోందో లేదో ఎవరైనా చెప్పగలరు, ఇంట్లో పదేళ్ళ పిల్లతో సహా. లేచేటప్పుడు పిరుదులు ముందు లేచి రాడ్ దారానికి ముందుకు జరగడం కొత్తవాళ్ళలో ఎక్కువగా కనిపించే తప్పు. ఫోన్‌ను దగ్గరగా, నేల మీద పెడితే అన్నీ వంకరగానే కనిపిస్తాయి. వీడియో ప్రతి సెట్‌కూ చూడనక్కర్లేదు. ప్రతి ప్రయత్నానికీ ఫలితం చెప్పించుకున్నవాళ్ళ కంటే సగం ప్రయత్నాలకే చెప్పించుకున్నవాళ్ళకు నేర్చుకున్నది ఎక్కువ కాలం నిలుస్తుందని విన్‌స్టీన్, ష్మిట్ 1990లో చూపించారు. మొదట మీకేమనిపించిందో మనసులో అనుకుని, ఆ తర్వాత చూడండి.

రాడ్ కంటే ముందు ఒక మెట్టు ఉంది. ఐదు కిలోల బియ్యం సంచీని ఛాతీకి హత్తుకుని దిగడం. ముందున్న ఆ బరువు గరిమనాభిని ముందుకు లాగుతుంది కాబట్టి పిరుదులు వెనక్కి వెళ్ళినా వెల్లకిలా పడం, వీపు నిటారుగా ఉంటుంది. ఒట్టి చేతులతో దిగలేనివాళ్ళు సంచీతో దిగగలగడం మొదటిసారి చూసినప్పుడు తమాషాగా ఉంటుంది. బరువు పెరిగింది, పని తేలికైంది. మోచేతులు మోకాళ్ళ లోపలివైపు తగిలే లోతుకు నెమ్మదిగా చేరాక రాడ్ తీసుకోవచ్చు.

పోటీల రాడ్ మగవాళ్ళది 20 కిలోలు, 2.2 మీటర్లు. ఆడవాళ్ళది 15 కిలోలు. ఇళ్ళలో వాడే పొట్టి రాడ్లు తేలిగ్గా ఉంటాయి, ఎంతో తెలియకపోతే తూచుకోవడమే. కొనేముందు చూడవలసింది దాని పొడవు: ర్యాక్ కొక్కేలను దాటి రెండువైపులా చేతికి చాలినంత బయటికి రావాలి. ర్యాక్‌లో అసలు అక్కర్లేని భాగమని చాలామంది వదిలేసే సేఫ్టీ రాడ్లే ఒంటరివాడికి ముఖ్యం. మీ అడుగు లోతులో రాడ్ ఉండే ఎత్తుకు కొంచెం కిందుగా వాటిని బిగించండి. తర్వాత ఖాళీ రాడ్‌తో కావాలనే దిగి, లేవకుండా, దాన్ని వాటి మీద వదిలి ముందుకు బయటికి రావడం కొన్నిసార్లు సాధన చేయండి. ఓడిపోవడం ముందే తెలిసినవాడు బరువు కింద కంగారుపడడు. సేఫ్టీ రాడ్లు లేని రెండు స్టాండ్లతో ఒంటరిగా బరువైన స్క్వాట్ చేయడం నా లెక్కలో తెలివితక్కువ పని. ప్లేట్లు తీసేటప్పుడు ఒక పక్కవన్నీ ఒకేసారి తీయకండి. రెండో పక్క బరువుకు రాడ్ ఎగిరి తిరగబడుతుంది. అటొకటి ఇటొకటిగా తీయాలి.

ఊపిరి గురించి. బియ్యం మూట లేపేవాడు చెప్పకుండానే ఊపిరి బిగబడతాడు. పొట్టలో పెరిగిన ఒత్తిడి ముందునుంచి వెన్నుకు ఊతమిస్తుంది. ముక్కూ నోరూ మూసి గాలిని నెట్టే ఈ పద్ధతికి పేరు వచ్చింది ఇటలీ వైద్యుడు వల్సాల్వా నుంచి. 1704లో చెవి మీద రాసిన గ్రంథంలో ఆయన దాన్ని వివరించాడు, వ్యాయామంతో ఆయనకు సంబంధమే లేదు. పైన నిలబడి ఊపిరి పొట్ట నిండా తీసుకుని, బిగబట్టి దిగి, లేస్తూ కష్టమైన చోటు దాటాక వదలాలి. దీనికి ఖరీదుంది. 1985లో మెక్‌డూగల్ బృందం ఐదుగురు బాడీబిల్డర్ల చేతి ధమనిలోనే గొట్టం పెట్టి కొలిస్తే, రెండు కాళ్ళతో లెగ్ ప్రెస్ చేసేటప్పుడు రక్తపోటు సగటున 320/250 దాకా వెళ్ళింది. కొన్ని క్షణాలే, అదీ ఆరోగ్యవంతుల్లో. బీపీ, గుండె, కంటి రెటీనా సమస్యలు, హెర్నియా ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఊపిరి బిగబట్టి బరువెత్తకూడదు.

ఖాళీ రాడ్‌తో మూడు సెట్లు, సెట్‌కు ఐదు, వారానికి రెండు మూడు రోజులు. మొదలుపెట్టడానికి అంతే చాలు. మొదటి వారాల్లో బలం ఆశ్చర్యం కలిగించేంత వేగంగా పెరుగుతుంది. 1979లో మోరితాని, డివ్రీస్ చూపినట్టు ఆ తొలి పెరుగుదలలో ఎక్కువ భాగం నాడులది. కండ మందం తర్వాత నెమ్మదిగా వస్తుంది. అందుకే ఈ దశలో పక్కకు ఐదేసి కిలోలు వేసేయాలన్న తొందర పుడుతుంది. ఇంటికి ప్లేట్లు కొనేవాళ్ళు పది కిలోల జతలకంటే ముందు 1.25 కిలోల జత కొనుక్కోవాలి, దాంతో ఒకసారికి రెండున్నర కిలోలే పెరుగుతుంది. సెట్‌లో ఐదోసారి లేస్తున్నప్పుడు రాడ్ దారానికి అరచెయ్యి వెడల్పు ముందుకు జరిగిందా, వచ్చేసారి బరువు అదే ఉంచండి. రెండుసార్లు వరసగా జరిగితే ఒక జత తీసేయండి.